బుల్లమ్మ తనదని చెప్పిన పాట

ఇందులో తప్పు చేసినవాళ్ల పేర్లు వరసగా రాస్తే మొదటి పేరు నాదే. ఆ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత మిగతావాళ్లను తిట్టుకోవడానికి నాకు కాస్త హక్కు మిగులుతుంది.

నా పేరు రాజ్యశ్రీ. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి బస్తర్‌లో బచేలీ ఇనుప గనుల్లో డంపర్ నడిపాడు. నేను కంపెనీ క్వార్టర్లో పుట్టి, బడిలో హిందీ, ఇంట్లో తెలుగు, సంతలో హల్బీ మాట్లాడుతూ పెరిగి, చివరికి తర్లగూడ పక్క ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచరుగా వచ్చి పడ్డాను. నాలుగు అడుగులు వేస్తే తెలంగాణ. మొదటి ఏడాది నా తెలుగు విని పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ ఊళ్లో నాట్ల పాటలు విన్నాక మండటం మానేసింది. ఇంత మంచి తెలుగు ఇక్కడ బురదలో కాళ్లు పెట్టుకుని నిలబడి ఉందని మా క్వార్టర్లలో ఎవరికీ తెలియదు.

ఆ పాటలు ఎత్తే మనిషి బుల్లమ్మ. యాభై దాటి ఉంటుంది. ఆధార్ కార్డులో మాత్రం నలభై నాలుగు. ఎవడో రాసిన అంకె, ఆమె ఏనాడూ పట్టించుకోలేదు. పొట్టి మనిషి. నడుము ఎంతసేపు వంచినా నొప్పి అనదు. పధ్నాలుగు మంది ఆడవాళ్ల నాట్ల ముఠాకు ఆమె పెద్ద. అడవి అంచున మూడెకరాలు ఆమె, ఆమె భర్త రామనర్సయ్య కలిసి పాతికేళ్లుగా దున్నుతున్నారు. దానికి పట్టా లేదు. నాలుగుసార్లు దరఖాస్తు పెట్టారు. నాలుగుసార్లూ ఏదో ఒక కాగితం తక్కువైంది. అందుకే సొంత మడి చూసుకుంటూనే అందరి మళ్లలోనూ కూలికి నాట్లు వేస్తుంది.

ఆ ముఠాకు ఒక కట్టుబాటు ఉంది. పాట ఎత్తే మనిషి ముందు ఆ పాట ఎవరిదో చెప్పాలి. "మా అవ్వ పాట" అనో, "మా మేనత్త పాట" అనో చనిపోయిన పెద్దల పేరు చెప్పి ఎత్తాలి. నిన్న సాయంత్రం తానే కట్టిన పాటైనా సరే అలాగే చెప్పాలి. ఒకసారి దుర్గాభవాని అనే కొత్త కోడలు ఉత్సాహంగా "ఇది నేను కట్టిన" అని పాట ఎత్తింది. ఒక్క గొంతు కూడా అందుకోలేదు. మడి అంతా నారు గుచ్చే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ముఠాలో వయసులో అందరికన్నా పెద్దదైన తాయారమ్మ తల ఎత్తకుండానే అంది.

"నీదైతే నువ్వే పాడుకో."

పాపం ఆ పిల్ల మొహం మాడిపోయింది. కాసేపటికి "మా నాయనమ్మ పాట" అని అదే పాట మళ్లీ ఎత్తింది. పదమూడు గొంతులూ అందుకున్నాయి. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడిన నేను మురిసిపోయాను. ఇక్కడ పాట ఎవరి సొత్తూ కాదు, ఆహా అనుకున్నాను. నెలనెలా జీతం పడేవాళ్లకు ఇలాంటివి చాలా అందంగా కనిపిస్తాయి.

రెండువేల ఇరవై రెండులో వానాకాలం నాట్లప్పుడు ఆమె ఒక కొత్త పాట ఎత్తింది. కొత్తదంటే నేను వినడం కొత్త.

పొద్దు వాలెనే ఏటి గట్టున, రావే సుశీలా
సద్ది ఆరెనే సట్టి అడుగున, రావే సుశీలా
తల దువ్వేటి దువ్వెనుంది, జడే లేదే సుశీలా

ప్రతి పాదం చివరా "సుశీలా" అని అందరూ కలిసి లాగుతుంటే నా చేతుల మీద రోమాలు లేచాయి. ఫోన్ తీసి వీడియో పట్టాను. పాట అయిపోయాక, చాలా తెలివిగా, రికార్డింగ్ ఆపకుండానే ఫోన్ ఆమె మొహం దగ్గర పెట్టి అడిగాను.

"బుల్లమ్మక్కా, ఈ పాట ఎవరిది?"

"మా అవ్వ పాట," అంది. ముఠా అంతా చుట్టూ ఉంది. ఇంకేమంటుంది?

"సుశీల అంటే ఎవరు?"

ఆమె నారు కట్ట విప్పుతూ అటు తిరిగింది. "ఎవరో, ఎన్కటి పిల్ల."

నాకొక చిన్న ఛానల్ ఉంది. అంతకుముందు పిల్లల ఎక్కాలు, బతుకమ్మ ఆటలు పెట్టేదాన్ని. ఈ వీడియో పెట్టి, పైన "బస్తర్ అడవుల్లో వందేళ్ల నాటి నాట్ల పాట" అని రాశాను. వందేళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయని మీరు అడగొచ్చు. నా బుర్రలోంచి వచ్చాయి. వందేళ్లంటే జనం చూస్తారని. చూశారు కూడా. అరుణ్ అని ఒకాయన కింద కామెంట్ రాశాడు. ఆయనది గోదావరి అవతల ఒక పాటల స్టూడియో. "మేడమ్, అద్భుతం. ఈ పాట రాసినవారు ఎవరైనా ఉన్నారా?" అని మర్యాదగానే అడిగాడు. నేను వెంటనే జవాబిచ్చాను. "ఎవరి సొత్తూ కాదు సార్. అడవి అందరికీ ఇచ్చిన పాట."

ఆ జవాబు ఇప్పటికీ అక్కడే ఉంది. నలభై ఒక్క మందికి నచ్చింది.

మరుసటి ఏడాది వేసవిలో ఊళ్లో ఒక పెళ్లి. సాయంత్రం నాలుగింటికి ఊరేగింపు. ముందు ట్రాక్టర్ మీద డీజే పెట్టెలు, వెనక కుర్రాళ్లు. నేనూ బుల్లమ్మా ఒక ఇంటి అరుగు మీద కూర్చుని పెళ్లికూతురు కోసం చూస్తున్నాం. ఒక పాట మొదలైంది. డప్పు దరువు, దాని మీద ఎవడో ఈల. ఆ తర్వాత మగ గొంతు.

పొద్దు వాలెనే ఏటి గట్టున, రావే పిల్లా
ముద్దు పెట్టనా చెట్టు చాటున, రావే పిల్లా

స్వరం అచ్చంగా అదే, వేగం మాత్రం రెండింతలు. కుర్రాళ్లు అరుస్తూ గెంతుతున్నారు. చిన్నపిల్లలు కూడా చేతులు ఊపుతున్నారు. నేను గుర్తుపట్టి, సిగ్గులేకుండా సంతోషపడి, "అక్కా, మన పాట!" అని ఆమె భుజం తట్టాను.

బుల్లమ్మ చెయ్యి చెవి వెనక పెట్టుకుని పాట చివరిదాకా విన్నది. డీజే వాడు దాన్నే రెండోసారి వేశాడు. రెండోసారీ విన్నది. అప్పుడు నా వైపు తిరిగింది.

"నా బిడ్డ పేరు ఏడ బోయింది టీచరమ్మా?"

అప్పుడు తెలిసింది నాకు. సుశీల బుల్లమ్మకు ఒక్కగానొక్క కూతురు. పంతొమ్మిదేళ్ల పిల్ల. నేను ఆ ఊరు రాకముందు, రెండువేల పంతొమ్మిదిలో, ముఠాతో కలిసి గోదావరి అవతల మిరపకోతకు పోయింది. నెలన్నర కోసి, తనకు గాజులూ తల్లికి ఒక చీరా కొనుక్కుని తిరిగి వస్తుంటే ట్రాలీ బోల్తా పడింది. ముగ్గురు పోయారు. అందులో ఒకరు సుశీల. ఆ వానాకాలం నాట్లలో బుల్లమ్మ ఈ పాట కట్టింది. కట్టుబాటు ప్రకారం అవ్వ పేరు చెప్పి ఎత్తింది. ముఠాలో ప్రతి ఒక్కరికీ తెలుసు ఆ పాట ఎవరిదో, సుశీల ఎవరో. తెలిసే పేరు లాగి లాగి పాడారు. ఏడాదికొకసారి, నాట్ల పదిహేను రోజులూ, ఆ పిల్లను పధ్నాలుగు గొంతులు పిలిచేవి. బుల్లమ్మకు అది చాలు. ఇంకెక్కడా కూతురి పేరు నోటితో అనేది కాదు. రామనర్సయ్య అసలు ఎప్పుడూ అనలేదు.

నేను తీసిన వీడియోలో లేని పాదాలు రెండు ఉన్నాయట. ఆ సాయంత్రం అరుగు మీదే, డీజే దూరమయ్యాక, పాడకుండా మామూలుగా చెప్పింది.

ట్రాలి బండి తిరిగి వచ్చె, దిగవేమే సుశీలా
సిగ్నలు కోసం గుట్టెక్కితి, రింగే పోదే సుశీలా

అప్పట్లో ఆ ఊళ్లో సిగ్నల్ ఉండేది కాదు. గుట్ట ఎక్కితే ఒక గీత వచ్చేది. ఆ పిల్ల పోయిన సంగతి తెలియక, రావడం ఆలస్యమైందని, తల్లి గుట్టెక్కి ఫోన్ చేస్తూ కూర్చుంది. అదీ నా వందేళ్ల నాటి పాట. నాకు తల కొట్టేసినట్టయింది.

నా ఫోన్లో ఆ కొత్త పాట వెతికాను. తొంభై లక్షల మంది చూశారు. కింద ఇలా రాసి ఉంది. సాహిత్యం: జానపదం. సంగీతం: అరుణ్. సేకరణ: రాజ్యశ్రీ టీచర్, బస్తర్. పాట మీద నా పేరు ఉంది. బుల్లమ్మ పేరు లేదు. సుశీల పేరు లోపల కూడా లేదు.

అరుణ్‌కు ఫోన్ చేశాను. అతను దొంగలా మాట్లాడి ఉంటే నాకు సుఖంగా ఉండేది. అతను చాలా ఓపిగ్గా మాట్లాడాడు.

"మేడమ్, నేను అడిగాను కదా. మీరే ఎవరిదీ కాదన్నారు. ఆమె కూడా అవ్వ పాట అంది. జానపదం కాబట్టే తీసుకున్నాం. ఇప్పుడు పాట నా చేతిలో లేదు, కంపెనీకి ఇచ్చేశాను. ఆమెదే అని రుజువుంటే కంపెనీకి రాయండి. నేను అడ్డుపడను."

రుజువు అన్న మాట పట్టుకుని మేం తిరగడం మొదలుపెట్టాం. తర్లగూడలో దుర్గేశ్ అని కుర్రాడు చాయిస్ సెంటర్ నడుపుతాడు. కులం సర్టిఫికెట్లు, ఆధార్ మార్పులు, రైతుల దరఖాస్తులు అన్నీ అతని కంప్యూటర్ మీదే. పాటకు కూడా దరఖాస్తు ఉంటుందంటే మొదట నవ్వాడు. తర్వాత రెండు రోజులు కూర్చుని అంతా చదివి, హిందీలో తీసిన కాగితాలు ముందేసుకుని మాకు చెప్పాడు. నేను ముంబైలోని పాటల రచయితల సొసైటీకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి కూడా అదే చెప్పింది.

ఒక పాటలో రెండు ఆస్తులు ఉంటాయట. రికార్డు చేసినది ఒకటి, అది చేయించిన కంపెనీది. అసలు పాట, అంటే మాటా స్వరమూ, రెండోది. అది కట్టినవాళ్లది. పాట రేడియోలో వచ్చినా, హోటల్లో మోగినా, ఫోన్లో ఎవరైనా విన్నా, వాడుకున్నవాళ్లు కొంత కట్టాలి. దాన్ని సొసైటీ వసూలు చేసి కంపెనీకి, రాసినవారికి, స్వరం కట్టినవారికి పంచుతుంది. రాసినవాళ్లు చచ్చిపోయినా అరవై ఏళ్లు వాళ్ల వారసులకు వస్తుంది. అమ్ముకున్నా సరే, ఆ రాయల్టీ వాటా మాత్రం వదులుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఇదంతా రచయిత అనే మనిషి ఉంటేనే. ఆ గడిలో జానపదం అని ఉంటే ఆ వాటా అడిగే నాథుడే ఉండడు.

బుల్లమ్మ చాలాసేపు విన్నది.

"పాటకు గూడ పట్టా ఉంటదా?"

"అట్లాంటిదే మౌసీ," అన్నాడు దుర్గేశ్. "పట్టా నీ పేరు మీద పడితే పైసలు వస్తయి. ఖాతా నంబర్ ఉంది గదా నీకు?"

"పైసలు సరే. పట్టా నా పేరు మీద వడితే నా బిడ్డ పేరు మళ్ల వెట్టియొచ్చునా?"

దుర్గేశ్ నా వైపు చూశాడు. నేను కాగితాలు వెతికాను. ఉంది. కట్టినవారి పాటను పాడుచేసి మారిస్తే, కట్టినవారు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ హక్కు అమ్ముకున్నా పోదు. నేను అది చదివి తెలుగులో చెప్పాను. బుల్లమ్మ లేచి కొంగు దులుపుకుంది.

"అయితే నడువుండ్రి. ఏం కాయితాలు గావాలె?"

బుల్లమ్మను సొసైటీలో చేర్చడానికి కాళ్లరిగేలా తిరిగాం. పాన్ కార్డు లేదు, చేయించాం. బ్యాంకు ఖాతా నిద్రపోయి ఉంది, భోపాలపట్నం వెళ్లి లేపించాం. నేను సెలవు పెట్టినప్పుడల్లా మా హెడ్మాస్టరు "మేడమ్ సినిమాలోకి పోతున్నారా" అని ఎగతాళి చేశాడు. ఈలోగా నేను ఒక తెలివైన పని చేశాను. బుల్లమ్మ చేత పాట మొత్తం, ట్రాలీ పాదమూ సిగ్నల్ పాదమూ కలిపి పాడించి, "రచన, గానం: బుల్లమ్మ" అని నా ఛానల్లో పెట్టాను. మూడు రోజులకు నోటీసు వచ్చింది. ఈ వీడియోలోని స్వరం వేరే కంపెనీదని, దీని మీద ఆదాయం వాళ్లకే పోతుందని. తన పాట తానే దొంగిలించిందని బుల్లమ్మకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. దుర్గేశ్ చెప్పాడు. ఆమె అర్థం కానట్టు చూసి, "గుట్టెక్కిన పాదం గూడ వాళ్లదేనంటనా?" అని అడిగింది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

చివరికి కావలసింది ఒకటే మిగిలింది. పాట తానే కట్టానని శపథపత్రం, అంటే అఫిడవిట్, దాని మీద ఇద్దరు సాక్షులు. సాక్ష్యానికి ముఠాలో ఎవరొస్తారని అడిగితే మడి మధ్యలో అడిగినట్టే అందరూ తలలు వంచుకున్నారు. తాయారమ్మ మాత్రం నాతో నేరుగా మాట్లాడింది.

"టీచరమ్మా, బుల్లి బిడ్డ మాకు బిడ్డ గాదా? అది బుల్లి కట్టిందని మాకు ఎర్క లేదా? కాని నాది అని కాయితం మీద రాసినంక అది ముఠా పాట ఎట్లయితది?"

"కోర్టు కాగితం వేరు, మీ నాట్లు వేరు," అన్నాను నేను. పాఠం చెప్పినట్టు చెప్పాను.

పొజ్జే వచ్చింది. బుల్లమ్మ పక్క వరసలో నాటు వేసే దొర్లా తెగ మనిషి. ట్రాలీ బోల్తాపడినప్పుడు లోపలున్నది, ఇప్పటికీ కుడి మోచెయ్యి సరిగా వంగదు. రెండో సాక్షి నేను. భోపాలపట్నం తహసీలు ఆఫీసు ముందు చెట్టు కింద నోటరీ కూర్చుని ఉన్నాడు. కాగితం టైపు చేయించి, కళ్లద్దాలు పైకి తోసుకుని హిందీలో గట్టిగా అడిగాడు. "ఈ పాట నువ్వే కట్టావా? ఇది నీదేనా?"

నేను తెలుగులో మళ్లీ చెప్పాను. బుల్లమ్మకు అర్థమయ్యే ఉంది. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ పొజ్జే వైపు చూసింది. నోటరీ విసుక్కుని మళ్లీ అడిగాడు. వెనక వరసలో జనం ఉన్నారు. పొజ్జే ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా అంది.

"అక్కా, ఒక్కసారి అన్నంక మళ్ల తీస్కోరాదు. సూస్కో."

"పేరు రావాలె గద పొజ్జే," అంది బుల్లమ్మ. తర్వాత నోటరీ వైపు తిరిగి, నాట్లలో పాట ఎత్తే గొంతుతో, అవసరం కన్నా గట్టిగా చెప్పింది. "నాదే. నేనే కట్టిన. నా బిడ్డ మీద కట్టిన. మా అవ్వది గాదు."

అక్కడున్న జనం తిరిగి చూశారు. పొజ్జే వేలిముద్ర వేసింది. నేను సంతకం చేశాను. తిరుగు బస్సులో బుల్లమ్మ కిటికీ పక్కన కూర్చుని దారంతా బయటికే చూస్తూ వచ్చింది. తప్పు పని చేసి వస్తున్న మనిషిలా ఉంది. నాకేమో గెలిచినట్టుంది. అందరికీ బత్తాయిలు కొన్నాను.

నాలుగు నెలల తర్వాత కంపెనీ నుంచి జవాబు వచ్చింది. మంచి భాష, మంచి మర్యాద. శపథపత్రం అందింది. అయితే అది పాట విడుదలైన తర్వాత తయారైన కాగితం. అంతకుముందే, రెండువేల ఇరవై రెండులో, ఆ స్త్రీ స్వయంగా కెమెరా ముందు ఈ పాట తన అవ్వదని చెప్పింది. సాక్షుల్లో ఒకరైన ఉపాధ్యాయురాలే దీన్ని వందేళ్ల నాటి పాట అని ప్రకటించింది, ఎవరి సొత్తూ కాదని లిఖితపూర్వకంగా జవాబిచ్చింది. ట్రాలీ, సిగ్నల్ ఉన్న పాదాల గురించి కూడా రాశారు. పాత జానపదాలకు కొత్త పాదాలు చేర్చడం మామూలేనని, అవి చేర్చినంత మాత్రాన అసలు పాట ఆమెది కాదని, ఆ పాదాలను తాము వాడలేదని. నా వీడియో బొమ్మ, నా కామెంటు బొమ్మ వెనక జతచేశారు. నలభై ఒక్క మందికి నచ్చినట్టు కూడా కనిపిస్తోంది.

సొసైటీ అమ్మాయి, పాట మీద గొడవ తేలేదాకా సభ్యత్వం సంగతి చూడలేమని చెప్పింది. జగదల్‌పూర్‌లో ఒక వకీలు, కోర్టుకు పోవచ్చు, ఏళ్లు పడుతుంది, మీ వీడియోనే మీ మెడకు చుట్టుకుంటుంది అన్నాడు. అతని బల్ల ముందు కూర్చుని నేను ఆ వీడియో తీసేస్తానన్నాను. ఇప్పుడు తీస్తే ఇంకా అనుమానం అన్నాడు. అరుణ్‌కు మళ్లీ ఫోన్ చేసి, పోనీ డబ్బొద్దు, పేరొక్కటి మార్చి పాడించమన్నాను. అతను, "మేడమ్, పిల్లా అంటేనే అది ఆడింది. సుశీలా అంటే ఎవరు గెంతుతారు?" అన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే ఇంకా మండింది.

ఈ జవాబంతా బుల్లమ్మకు చెప్పడానికి ఆమె ఇంటికి వెళ్లాను. రామనర్సయ్య వెదురు చీలుస్తున్నాడు. నేను కాగితం చదివి, తెలుగు చేసి, నా తప్పు నా తప్పు అని రెండుసార్లు అన్నాను. బుల్లమ్మ కాగితం తీసుకుని మడిచి మళ్లీ నాకే ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

"పోనీలే టీచరమ్మా," అంది చివరికి. "వాళ్లు ఏమన్న పాడుకోని. నాట్లు వస్తున్నయి గద. మా ముఠాల మేం పిలుసుకుంటం నా బిడ్డను."

రామనర్సయ్య కత్తి ఆపి ఆమెను చూశాడు. ఏదో చెప్పబోయి మానేసి మళ్లీ వెదురు మీద పడ్డాడు. ముఠా ఏం చేస్తుందో ఆయనకు అప్పటికే తెలుసనుకుంటాను.

ఈ ఏడు వాన ఆలస్యమైంది. జూలై చివర్లో నాట్లు మొదలయ్యాయి. బడి వదిలాక నేను పోయి ఎప్పుడూ నిలబడే గట్టు మీదే నిలబడ్డాను. ఫోన్ ఇంట్లో వదిలేసి వెళ్లాను. ముఠా వంగి వరసగా వెనక్కి జరుగుతూ ఉంది. బుల్లమ్మ నడుము ఎత్తి, తడి చెయ్యి చెవి వెనక పెట్టి, పాట ఎత్తబోయి ఆగింది. మామూలుగా అయితే "మా అవ్వ పాట" అనాలి. కాగితం మీద మా అవ్వది కాదని చెప్పి వచ్చిన మనిషి ఆ మాట ఎలా అంటుంది? అనలేదు. ఎవరి పేరూ చెప్పకుండా నేరుగా ఎత్తింది.

పొద్దు వాలెనే ఏటి గట్టున, రావే...

అక్కడ ఆపింది, వాళ్లు అందుకోవడానికి. ఎవరూ అందుకోలేదు. ఆమె ఇంకోసారి ఎత్తింది. నారు గుచ్చే చప్పుడు, ఎవరిదో గాజు ఎవరి గాజుకో తగిలిన చప్పుడు. పొజ్జే తల పూర్తిగా కిందికి వంచేసింది, ఆమె భుజాలు కదులుతున్నాయి. తాయారమ్మ కోపంగా ఏం లేదు. ఆమె కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. కానీ నోరు విప్పలేదు. "నీదైతే నువ్వే పాడుకో" అనే మాట కూడా ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేకపోయింది.

మూడోసారి బుల్లమ్మ ఒక్కతే పాదం చివరిదాకా పాడింది. "సుశీలా" అని ఒక్క గొంతు మడి మీద పోయింది. గట్టు మీద ఉన్న నేను అందుకుందామని నోరు తెరిచాను. నాకు ముఠాలో చోటు లేదు, తెరిచిన నోరు మూసుకున్నాను. బుల్లమ్మ మళ్లీ నడుము వంచి నారు అందుకుంది.

చాలాసేపు పాట లేకుండానే పని నడిచింది. పాట లేకపోతే చేతులు నెమ్మదిస్తాయి. మడి యజమాని గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ గొణుగుతున్నాడు. ఆఖరికి దుర్గాభవాని, ఆ మౌనం భరించలేకే అనుకుంటాను, చేతులు తుడుచుకుని గట్టు మీద ప్లాస్టిక్ కవరులో పెట్టిన తన ఫోన్ తీసి నొక్కింది. డప్పు, ఈల, మగ గొంతు. అది ఎవరిదీ కాని పాట. జానపదం అని కింద రాసి ఉన్న పాట. దాన్ని అందుకోవడానికి ఏ అడ్డూ లేదు. మొదట ఇద్దరు, తర్వాత నలుగురు, తర్వాత అందరూ అందుకున్నారు. "రావే పిల్లా" అని పదమూడు గొంతులు లాగాయి.

నేను బుల్లమ్మనే చూస్తున్నాను. ఆమె చేతులు ఆగలేదు. రెండు పాదాల దాకా పెదవులు బిగించి ఉంచింది. మూడో పాదానికి పధ్నాలుగో గొంతు కలిసింది. సుశీలా అంటుందనుకుని చెవులు రిక్కించి విన్నాను. ఆమె కూడా పిల్లా అనే అంది.